కొండనడక నేర్చుకుందాం – 4వ పాఠం: ప్యాంటు ఎలా ఎంచుకోవాలి?

పోయిన పాఠంలో బూట్లు చూశాం. ఈసారి ప్యాంటు.

ట్రెక్కింగ్‌కి కొత్తగా వచ్చేవాళ్ళలో చాలామంది బూట్లకి వేలు పోసి, ప్యాంటు దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ఉన్న జీన్స్ వేసుకుని బయల్దేరతారు. జీన్స్ గట్టిది, ముళ్ళకి చిరగదు అని వాళ్ళ నమ్మకం. గట్టిదన్న మాట నిజమే. కానీ అది మందపాటి నూలు బట్ట. నీళ్ళు బాగా పీలుస్తుంది, ఓ పట్టాన ఆరదు. తలకోన దారిలో వాగులో దిగినా, కర్ణాటకలో కుమార పర్వతం ఎక్కుతుండగా వాన పట్టుకున్నా, జీన్స్ బరువెక్కి తొడలకి అతుక్కుపోతుంది. అడుగడుక్కీ ఒరుసుకుని సాయంత్రానికి మంట పుడుతుంది. మన శేషాచలం ఎండల్లో అయితే ఆ ఇబ్బందితో సరిపోతుంది. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ మీద, 12,500 అడుగుల ఎత్తున, చలిగాలికి తడి బట్ట ఒంట్లోని వేడిని లాగేస్తుంది. అక్కడ అది ప్రాణం మీదికి తెస్తుంది. ఈ పాఠంలో ఒక్క ముక్కే గుర్తుంటుందనుకుంటే, కొండకి జీన్స్ వద్దన్నది గుర్తుంచుకోండి.

ప్యాంటు లోపలి లేబుల్ చదవడం అలవాటు చేసుకోండి. నైలాన్ ఎక్కువగా ఉంటే రాళ్ళ రాపిడికి బాగా తట్టుకుంటుంది. పాలియెస్టర్ ధర తక్కువ, నీళ్ళు ఇంకా తక్కువ పీలుస్తుంది, కానీ రాపిడికి నైలాన్ అంత ఆగదు. రాళ్ళ మీద కూర్చుని జారుతూ దిగే దారులుంటే నేను నైలాన్‌కే ఓటేస్తాను. దాంతోపాటు 5 నుంచి 10 శాతం ఎలాస్టేన్, అదే స్పాండెక్స్, ఉంటే బట్ట సాగుతుంది. కొన్ని బట్టల్ని వెలుతురుకి పట్టి చూస్తే సన్నని గళ్ళు కనిపిస్తాయి. దాన్ని రిప్‌స్టాప్ అంటారు. గళ్ళ గీతల్లో మందపు దారం నేస్తారు కాబట్టి నల్లమలలో రేగుముల్లు పట్టి చిరిగినా, ఆ చిరుగు తేలిగ్గా ముందుకు పాకదు.

ఇక అసలు పని ట్రయల్ రూమ్‌లో ఉంది. అద్దం ముందు నిలబడి చూసుకుంటే కొండకి పనికొచ్చేదీ లేనిదీ తెలియదు. మోకాలిని నడుము ఎత్తుకి లేపండి. తొడ దగ్గర బట్ట బిగిసి కాలిని వెనక్కి లాగుతోందా? అయితే వద్దు. పెద్ద రాతి మెట్లు ఎక్కేటప్పుడు ఆ లాగుడుకి ప్రతిసారీ మీ కండ బదులు చెప్పాలి. తర్వాత గొంతుక్కూర్చోండి. వెనక నడుము కిందికి జారకూడదు, మోకాళ్ళ మీద బిగుతు ఉండకూడదు. మంచి ప్యాంట్లకి మోకాలి దగ్గర చిన్న మడతలు కుట్టి, ముందే కాస్త వంపు ఇస్తారు. కాళ్ళ మధ్య నాలుగు కుట్లూ ఒక్కచోట కలిస్తే, గబుక్కున కాలు చాచినప్పుడు ముందు తెగేది అక్కడే. ఆ చోట వజ్రం ఆకారంలో వేరే ముక్క వేసి కుట్టి ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. చలి ప్రదేశానికి కొంటుంటే లోపల థర్మల్ వేసుకుని మరీ ఇవన్నీ చేసి చూడండి.

నడుముకి పెద్ద బకిల్ ఉన్న తోలు బెల్టు వద్దు. బ్యాగు నడుము పట్టీ సరిగ్గా దాని మీదే పడి, గంటల తరబడి నొక్కుతుంది. జేబులకి జిప్ ఉండాలి. పొడవు మడమ దాటకూడదు, దిగేటప్పుడు అంచు తొక్కుకుంటే పడిపోతారు. పొడవు తగ్గించాల్సి వస్తే, కత్తిరించే ముందు అడుగున బిగించుకునే తాడు ఉందేమో చూడండి. జలగలున్న పడమటి కనుమల్లో ఆ తాడు చాలా అవసరం. లేత రంగు బట్ట మీద జలగ పాకుతుంటే ఇట్టే కనిపిస్తుంది కూడా.

లెగ్గింగ్స్ సంగతి చాలామంది అమ్మాయిలు అడుగుతుంటారు. సాగడంలో వాటికి వంక పెట్టలేం. కానీ పల్చటివి ముళ్ళకి దారాలు లేస్తాయి, దూలగొండి నూగు తగిలితే దురద ఆగదు. చెట్టూ పుట్టా లేని చక్కటి దారికి సరే, అడవికి మాత్రం పైన వదులు ప్యాంటు ఉండాలి. మోకాలి దగ్గర జిప్‌తో విడిపోయే ప్యాంట్లు వాగులు దాటడానికి బాగుంటాయి. అయితే కొందరికి ఆ జిప్ ఒరుసుకుంటుంది కనుక వేసుకుని కాసేపు నడిచి చూడండి.

ఒక జాగ్రత్త. నైలాన్, పాలియెస్టర్ రెండూ నిప్పుకి కరుగుతాయి. చలిమంటకి దూరంగా కూర్చోండి. ఉతికాక నీడలో ఆరేయండి, ఎండకి నైలాన్ బలం తగ్గుతుంది.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఉన్న ఒక జీన్స్, ఒక ట్రాక్ ప్యాంటు తీసుకుని విడివిడిగా తూచండి. రెండిటినీ నీళ్ళలో ముంచి, బాగా పిండి, మళ్ళీ తూచండి. నీడలో ఆరేసి, గంటకోసారి నడుము పట్టీ, జేబు అంచులు చేత్తో తాకి చూసి రాసుకోండి. ఆఖరికి ఆరేవి ఆ మందపు చోట్లే. రేపు మీరు కొనబోయే ప్యాంట్లో కూడా ముందు వాటినే తాకి చూడండి. వచ్చే పాఠంలో సాక్సులు చూద్దాం.