కారు ఏసీ చల్లగా రావట్లేదా? గ్యాస్ డబ్బా కొనే ముందు, కొన్నాక

మార్చి దాటితే చాలు, నల్లగొండలో కారున్న ప్రతి ఒక్కరి నోటా ఒకటే మాట: "గ్యాస్ అయిపోయిందన్నా, కొట్టించాలె." అయిపోవడానికి అదేమన్నా పెట్రోలా? కారు ఏసీలో గ్యాస్ ఖర్చు కాదు. ఉన్న గ్యాసే కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు, అక్కడి నుంచి డ్యాష్‌బోర్డు లోపలున్న కూలింగ్ కాయిల్‌కు, మళ్లీ కంప్రెసర్‌కు తిరుగుతూ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు పైపుల గుండా కాస్త తగ్గడం మామూలే. ఆరు నెలలకోసారి తగ్గుతోందంటే మాత్రం ఎక్కడో లీకు ఉన్నట్టే.

మా బావమరిది కారుకు ఒకే ఎండాకాలంలో మూడుసార్లు గ్యాస్ కొట్టారు. ఒక్కసారి కూడా లీకు వెతకలేదు. నాలుగోసారి బానెట్ ఎత్తి నేను చూస్తే గ్యాస్ ఎక్కించే వాల్వుకు మూత లేదు, సబ్బు నీళ్లు రాయగానే పిన్ను దగ్గర బుడగలు. చిన్న పిన్ను మారిస్తే పోయేదానికి మూడుసార్లు డబ్బులు పోశాడు.

సామాన్లకు పెద్ద హైరానా అక్కర్లేదు. ఒత్తిడి చూపే గేజీ ఉన్న ఛార్జింగ్ పైపు, డబ్బాకు బిగించే ట్యాపు, కంపెనీ సీలున్న ఆర్-134ఏ గ్యాస్ డబ్బా, వంటింటి డిజిటల్ తూకం, చిన్న థర్మామీటరు, గ్లవ్స్, కళ్లద్దాలు, సబ్బు నీళ్లు, పెయింటు బ్రష్షు. లీకులు పూడుస్తామని అమ్మే డబ్బాలు మాత్రం ఇంటికి తేవద్దు. ఆ జిగురు లీకును పూడుస్తుందో లేదో గానీ, రేపు షెడ్డులో గ్యాస్ తీసే మిషన్‌ను పాడు చేస్తుంది.

ముందు బానెట్ కింద స్టిక్కరు చదవండి. ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అన్నది దాని మీదే ఉంటుంది. చిన్న కార్లలో మామూలుగా అర కిలో లోపే. ఆర్-1234వైఎఫ్ అని ఉంటే మీ డబ్బా పనికిరాదు, దాని పోర్టే వేరు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల జోలికి అసలు పోవద్దు. వాటి కంప్రెసర్ హై వోల్టేజి మీద నడుస్తుంది.

ఇక డబ్బా పక్కన పెట్టి, గ్యాస్‌తో సంబంధం లేని మూడు పనులు చేయండి. నా దగ్గరికొచ్చే కార్లలో సగం ఇక్కడే బాగైపోతాయి.

క్యాబిన్ ఫిల్టరు ఎక్కువ కార్లలో గ్లవ్ బాక్సు వెనకాల ఉంటుంది. తీసి చూడండి. మిర్యాలగూడ మిల్లుల దిక్కు తిరిగే బండ్లలో ఊక దుమ్ము, పత్తి సీజన్‌లో జిన్నింగ్ మిల్లుల దగ్గర తిరిగే బండ్లలో దూది అట్టలు కట్టి ఉంటుంది. దులిపి మళ్లీ పెట్టడం కాదు, మార్చండి.

తర్వాత కండెన్సర్. రేడియేటరుకు ముందు, గ్రిల్లు వెనకాల ఉండే జాలీ ఇదే. లోపలి వేడిని బయట వదిలేది ఇక్కడే కాబట్టి ఇది మూసుకుపోతే గ్యాస్ ఎంత ఉన్నా దండగ. ఇంజన్ చల్లారాక మామూలు పైపుతో నెమ్మదిగా కడగండి. ప్రెషర్ వాషర్ పెడితే సన్నటి రేకులు వంగిపోతాయి. మా దిక్కు వాళ్లకు ఇంకో మాట: బోరు నీళ్లతో కడగొద్దు. ఆరాక తెల్లటి పొర మిగిలిపోతుంది. మన బోరు నీళ్లు ఎలాంటివో మన కెటిల్ అడుగు చూస్తే తెలుస్తుంది. కృష్ణా నీళ్లు వచ్చిన రోజే కండెన్సర్ కడగాలి. ఆ నీళ్లు కండెన్సర్‌కెందుకని మా ఇంట్లో గొడవ పడతారు, అయినా సరే.

మూడోది కరెంటు పని. ఏసీ వేయగానే కంప్రెసర్ దగ్గర 'టక్' మని క్లచ్ పట్టిన చప్పుడు రావాలి, ముందున్న ఫ్యాన్ తిరగాలి. చప్పుడు లేకపోతే ఫ్యూజు చూడండి. ఫ్యూజుల పక్కనే ఉండే చిన్న కరెంటు స్విచ్చు డబ్బీలే రిలేలు. ఏసీ రిలే మీదా హారన్ రిలే మీదా నంబరు ఒకటే అయితే అటూ ఇటూ మార్చి చూడండి. ఫ్యాన్ తిరగకపోతే ఏసీ బండి కదిలినప్పుడు చల్లగా, సిగ్నల్ దగ్గర వేడిగా వస్తుంది. అలాంటి బండికి గ్యాస్ కొట్టడమంటే జ్వరం ఉన్నవాడికి దుప్పటి కప్పడమే.

ఇవన్నీ బాగుండి కూడా చల్లగా లేదంటే లీకు వెతకండి. ఇంజన్ ఆపి పైపుల జాయింట్లు, కండెన్సర్ కింది అంచు, రెండు సర్వీసు వాల్వుల మీద సబ్బు నీళ్లు బ్రష్షుతో రాయండి. బుడగలు రావడానికి కాసేపు పడుతుంది, ఓపిక పట్టండి. నూనె జిడ్డుకు దుమ్ము పట్టి నల్లగా ఉన్న చోటును ముందు అనుమానించండి, గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిలూ కారుతుంది కాబట్టి. విజయవాడ హైవే మీద కంకర లారీల వెనక రోజూ పోయేవాళ్ల కండెన్సర్‌కు రాయి దెబ్బ తగిలి ఉండొచ్చు. లీకు దొరికితే ఆగండి. జాయింటు విప్పాలన్నా కండెన్సర్ మార్చాలన్నా లోపలి గ్యాసును మిషన్‌తో తీయించాలి. మీరే విప్పి గాలిలోకి వదలొద్దు. ఆర్-134ఏ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైనే.

లీకు దొరకలేదు, ఏసీ కొద్దిగా డల్‌గా ఉంది, కంప్రెసర్ ఊరికే పట్టడం వదలడం చేస్తోంది. అప్పుడే గ్యాస్. పనంతా చెడేదీ ఇక్కడే, కాబట్టి ఇక్కడి నుంచి నిదానంగా చదవండి.

గేజీ చూసి గ్యాస్ ఎంతుందో చెప్పేవాడిని నమ్మొద్దు. ఇంట్లో వంట సిలిండర్ నిండా ఉన్నా పావు వంతు ఉన్నా మంట ఒకేలా వస్తుంది కదా? ఎత్తి చూస్తేనే తెలుస్తుంది. ఇదీ అంతే. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 35 డిగ్రీల ఎండలో గేజీ దాదాపు 115 పీఎస్ఐ చూపిస్తుంది, లోపల ద్రవం కొద్దిగా ఉన్నా సరే, నిండా ఉన్నా సరే. అందుకే తూకం తెమ్మన్నాను. గేజీ మాత్రమే చూసి "ఇంకొంచెం, ఇంకొంచెం" అని నింపేవాళ్లు కంప్రెసర్‌ను చంపుతారు. గ్యాస్ ఎక్కువైతే ఏసీ ఇంకా చల్లబడదు, ఉన్న చల్లదనమూ పోతుంది.

పొద్దున్నే ఏడింటికి మొదలుపెట్టండి. మధ్యాహ్నం 44 డిగ్రీల్లో చేసిన పని ఏదీ సరిగ్గా రాదు, మనిషికీ బండికీ ఇద్దరికీ తిక్క లేస్తుంది.

లావు పైపు మీద ఉండే చిన్న పోర్టు లో సైడ్, అంటే ఒత్తిడి తక్కువుండే దిక్కు. సన్న పైపు మీదున్న పెద్ద పోర్టు హై సైడ్, ఒత్తిడి ఎక్కువుండే దిక్కు. ఛార్జింగ్ పైపు చివర పోర్టుకు తగిలించే కప్లర్‌ను లో సైడ్‌కే పట్టేలా చేశారు. పట్టట్లేదని అడాప్టర్ వెతికి హై సైడ్‌కు పెట్టొద్దు. ఇంజన్ నడుస్తుంటే అక్కడ 200 పీఎస్ఐ దాటొచ్చు, ఆ ఒత్తిడి వెనక్కి తన్ని చేతిలోని డబ్బా పగలొచ్చు.

ట్యాపు సూదిని పూర్తిగా వెనక్కి తిప్పాకే డబ్బాకు బిగించండి. బిగించాక సూదిని లోపలికి తిప్పి డబ్బాకు రంధ్రం పెట్టండి, మళ్లీ వెనక్కి తిప్పితే గ్యాస్ పైపులోకి వస్తుంది. ఇప్పుడు పైపులో గాలి ఉంది. కప్లర్ దగ్గరి నట్టు అర చుట్టు వదులు చేసి, ఒక్క సెకను 'ఉస్' మనిపించి బిగించి, ట్యాపు మూయండి. చాలామంది ఎగ్గొట్టేది ఇదే. గాలి లోపలికి పోతే దాంతో పాటు తేమా చేరుతుంది, తేమ చేరితే లోపల తుప్పు. ఈ పనులకు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఈ గ్యాస్ మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతుంది, తగిలిన చోట చర్మం గడ్డ కడుతుంది.

డబ్బాను తూకం మీద నిలబెట్టి అంకె రాసుకోండి. ఇంజన్ స్టార్టు చేసి, ఏసీ ఫుల్లు పెట్టి, బ్లోవర్ ఆఖరి స్పీడుకు తిప్పి, తలుపులు తీయండి. పైపును పోర్టుకు తగిలించి ట్యాపు కొద్దిగా తెరవండి. డబ్బా నిలువుగానే ఉండాలి. త్వరగా దిగాలని తలకిందులు చేస్తే గ్యాస్ ద్రవంగా వెళ్లి కంప్రెసర్‌ను కొడుతుంది. మొదట్లో నేనూ తిప్పాను. లోపల గులకరాళ్లు పోసినట్టు వచ్చిన ఆ చప్పుడు విన్నాక మళ్లీ తిప్పలేదు. డబ్బా చల్లబడి గ్యాస్ నెమ్మదిస్తే గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టండి, తర్వాత తడి తుడిచి తూకం వేయండి. మరిగే నీళ్లు, పొయ్యి, లైటరు ముచ్చట తేవద్దు.

50 గ్రాములు పోగానే ట్యాపు మూసి అయిదు నిమిషాలు ఆగండి. థర్మామీటరును డ్యాష్‌బోర్డు మధ్య గాలి వచ్చే చోట గుచ్చి చూడండి. బయటి వేడి కంటే 18, 20 డిగ్రీలు తగ్గితే చాలు, ఆపేయండి. 30 డిగ్రీల పొద్దుటి పూట లో సైడ్ గేజీ సుమారు 30 నుంచి 40 పీఎస్ఐ మధ్య ఉంటుంది. చాలకపోతే ఇంకో 50 గ్రాములు. 100 దాటాక కూడా చాలట్లేదంటే లోపం వేరే చోట ఉంది. షెడ్డుకు పోయి ఉన్న గ్యాసంతా తీయించి, లోపలి గాలిని, తేమను లాగేసే వాక్యూమ్ అరగంట పెట్టించి, స్టిక్కరు మీదున్న గ్రాములే తూచి పోయమనండి. "అందాజగా కొడతా అన్నా" అంటే తాళం చెవి తీసుకుని వచ్చేయండి.

చివర్లో ట్యాపు మూసి, ఇంజన్ ఆపి, కప్లర్ తీయండి. పోర్టు మూత లోపల చిన్న రబ్బరు రింగు ఉందో లేదో చూసి బిగించండి. మా బావమరిది కారుకు లేనిది ఆ మూతే. బానెట్ లోపల టేపు ముక్క అతికించి తేదీ, పోసిన గ్రాములు మార్కరుతో రాయండి. ఆ టేపు పక్కన ఇదే ఎండాకాలంలో రెండోది అతికించాల్సి వస్తే, ఈసారి సబ్బు నీళ్ల డబ్బాతో మొదలుపెట్టండి.