ఇంట్లో ఫ్రెంచ్ వంట, 1వ పాఠం: బెషమెల్‌తో మొదలు

ఫ్రెంచ్ వంట సొంతంగా నేర్చుకుందాం అనుకున్నవాళ్లు చాలామంది ముందు పెద్ద లిస్టు రాసుకుంటారు. కోక్ ఓ వాన్, సూఫ్లే, క్రసాన్, ఏడాదిలో వంద వంటకాలు... నెల తిరక్కుండానే ఆ లిస్టు మూలన పడుతుంది, ఎందుకంటే ప్రతి వంటకం దగ్గరా మళ్లీ అఆల నుంచి మొదలుపెట్టాలి. ఈ పాఠాల్లో వంటకాల లెక్క పెట్టుకోవద్దు. ఒక పాఠానికి ఒక పద్ధతి, అది చేతికి అలవాటయ్యాకే రెండోది.

మొదట సాసులు. 19వ శతాబ్దం మొదట్లో కారెమ్ అనే వంటమాస్టర్ ఫ్రెంచ్ సాసులన్నిటినీ నాలుగు తల్లి సాసుల (అంటే మిగతా సాసులకి ఆధారమైనవి) కింద సర్దాడు, తర్వాత ఎస్కోఫియే (1846-1935) అనే ఇంకో వంటమాస్టర్ దాన్ని సవరించాడు. ఇప్పుడు వంట స్కూళ్లలో ఐదు చెబుతారు: బెషమెల్, వెలూటే, ఎస్పాన్యోల్, టొమాటో, హాలండేజ్. వీటిలో బెషమెల్‌కి కావాల్సింది వెన్న, మైదా, పాలు, అంతే. చెడినా పెద్ద నష్టం లేదు కాబట్టి దీంతోనే మొదలు.

కొలతలు: అర లీటరు పాలు, 30 గ్రాముల వెన్న, 30 గ్రాముల మైదా. ఇది మధ్యస్తంగా చిక్కగా వస్తుంది. సూప్‌లో కలపడానికైతే వెన్న, మైదా 20 గ్రాముల చొప్పున చాలు, సూఫ్లేకైతే 50 దాకా పోవచ్చు. స్పూన్లతో కాకుండా తూకం వేసుకోండి, మైదా స్పూనుకి ఎంత పడుతుందనేది మనం నొక్కి తీసే తీరుని బట్టి మారిపోతుంది. పొయ్యి వెలిగించక ముందే అన్నీ కొలిచి పక్కన పెట్టుకోండి, ఒకసారి మొదలయ్యాక వెతుక్కునే టైం ఉండదు.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్న సెగ మీద వెన్న కరిగించండి. ముందు నురుగు వస్తుంది, వెన్నలో నీళ్లు ఆవిరవుతున్న చప్పుడు వినిపిస్తుంది. నురుగు తగ్గుతుండగా మైదా మొత్తం ఒకేసారి వేసి కలపండి. మొదట తడి ఇసుకలా ఉంటుంది, కాసేపటికి కాస్త జారుగా అయి చిన్న చిన్న బుడగలు వస్తాయి. దీన్నే ‘రూ’ అంటారు. రెండు నిమిషాలు కలుపుతూనే ఉండండి, పచ్చిపిండి వాసన పోయి బిస్కెట్ వాసన మొదలవుతుండగా ఆపేయాలి. రంగు మారకూడదు, బెషమెల్‌కి తెల్ల రూ కావాలి. ఇంకా వేయిస్తే ముందు బంగారు రంగుకి, తర్వాత గోధుమ రంగుకి వస్తుంది, వాటికి వేరే సాసులున్నాయి. కానీ ఎంత వేగితే అంత చిక్కదనం ఇచ్చే శక్తి తగ్గుతుంది, ఎందుకంటే పిండిలో స్టార్చ్ విరిగిపోతుంటుంది.

ఇప్పుడు అందరికీ టెన్షన్ పెట్టే ఘట్టం, ఉండలు. పొడి మైదా నేరుగా వేడి పాలలో పడితే ప్రతి ముద్దా పైపైన ఉడికి గట్టిపడుతుంది, లోపల పొడిగానే మిగులుతుంది. వెన్నలో ముందే కలిపామంటే ఏ రేణువుకి ఆ రేణువు కొవ్వు పూత పట్టి విడివిడిగా ఉంటుంది. సగం పని అక్కడే అయిపోయింది. మిగతా సగం, పాలు కొంచెం కొంచెంగా పోయడం. మొదటి గరిటెడు పోయగానే అంతా బిగుసుకుపోయి ముద్దవుతుంది, చూసి కంగారు పడకండి, విస్క్‌తో (తీగల కవ్వంతో) గట్టిగా గిలకొట్టి నున్నగా అయ్యాక రెండో గరిటెడు పోయండి. మూడు నాలుగు సార్లయ్యాక మిగతావన్నీ ఒకేసారి పోసేయొచ్చు. పాలు చల్లగా ఉండాలా వేడిగా ఉండాలా అని పెద్ద వాదనే ఉంది. నిదానంగా పోసి ఆగకుండా కలిపితే రెండూ పనిచేస్తాయి. కొత్తవాళ్లకి మాత్రం చల్లనివే మేలంటాను, చిక్కబడేలోపు కలుపుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది.

కలుపుతూ ఉడుకు పట్టనివ్వండి. మైదా దాదాపు 60 డిగ్రీల దగ్గర నీరు పీల్చి ఉబ్బడం మొదలుపెట్టినా, పూర్తి చిక్కదనం మరిగే దగ్గరికి వచ్చాక గానీ రాదు. చిక్కబడగానే దించేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. సన్న సెగ మీద ఇంకో పది నిమిషాలు ఉంచి, అడుగంటకుండా మూలల్లోకి కూడా విస్క్ పోనిస్తూ కలపండి, అప్పుడే నాలుక మీద పిండి తగలకుండా ఉంటుంది. చెంచా ముంచి తీసి దాని వెనక వేలితో గీత గీయండి. గీత చెదరకుండా నిలబడితే అయినట్టే. ఉప్పు, తెల్ల మిరియాల పొడి, జాజికాయ రెండు గీతలు తురిమి వేయండి. జాజికాయ ఎక్కువైతే ఇక సాస్ రుచి తెలియదు.

వెంటనే వాడకపోతే పైన మీగడలా పొర కడుతుంది కాబట్టి బేకింగ్ పేపర్‌ని సాస్‌కి ఆనేలా కప్పండి.

ఈ వారం హోంవర్క్: ఇదే సాస్ మూడుసార్లు చేయండి. మొదటిసారి ఉత్తదే. రెండోసారి పాలలో ఉల్లిపాయ ముక్క, రెండు లవంగాలు, ఒక బే ఆకు వేసి వేడిచేసి, అరగంట ఉంచి వడకట్టి వాడండి, తేడా మీకే తెలుస్తుంది. మూడోసారి దించాక 70 గ్రాముల గ్రుయేర్ చీజ్ తురిమి కలపండి, అది మోర్నే సాస్. చీజ్ వేశాక మళ్లీ మరిగించొద్దు, తీగలు సాగి నూనె తేలుతుంది. ఉడికించిన కాలిఫ్లవర్ మీద ఆ మోర్నే పోసి పైన రంగు వచ్చేదాకా ఓవెన్‌లో పెడితే గ్రాటాన్ తయారు.

రెండో పాఠం వెలూటే. దానికి పాల బదులు స్టాక్, అంటే ఎముకలు ఉడికించి వడకట్టిన నీళ్లు కావాలి, అందుకని ఈలోగా వండే చికెన్ ఎముకలు పారేయకుండా ఫ్రీజర్‌లో దాచిపెట్టండి.