మోరిస్ మైనర్ ముందు చక్రాల పని: స్పేర్లు కొనేముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మోరిస్ మైనర్ అనే పాత బ్రిటిష్ కారు ఉన్నవాళ్లు ఇంజిన్ గురించి పడే టెన్షన్‌లో సగం కూడా ముందు చక్రాల గురించి పడరు. ఇంజిన్ మొరాయిస్తే బండి రోడ్డు పక్కన ఆగుతుంది, అంతే. కింది ట్రనియన్ (చక్రాన్ని బండికి పట్టి ఉంచే మరల దిమ్మ) ఊడితే మాత్రం చక్రం మడ్‌గార్డ్ కిందికి మడతపడి, బండి ముందు భాగం రోడ్డు మీద కూలబడుతుంది. వానలు వెలిసి పాత కార్ల ర్యాలీలు మొదలయ్యేలోగా ఈ పని పెట్టుకునేవాళ్లు ఆర్డర్ ఇచ్చేముందే కొన్ని విషయాలు చూసుకోవాలి. 1950లలో హిందుస్థాన్ మోటార్స్ మన దగ్గర అమ్మిన ‘బేబీ హిందుస్థాన్’ కూడా మైనరే కాబట్టి అది ఉన్నవాళ్లకూ ఇవే వర్తిస్తాయి.

ఈ బండిలో కింగ్ పిన్‌కు, అంటే ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఇరుసులా ఉండే నిలువు పిన్‌కు, పైనా కిందా మరలు ఉంటాయి. ఆ మరలకు ట్రనియన్లు ఎక్కుతాయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా పిన్ ఆ మరల్లోనే తిరుగుతుంది, బండి ముందు బరువు కూడా కింది మరల మీదే పడుతుంది. గ్రీజు ఆరిపోయి నీళ్లు, ఇసుక చేరితే మరలు అరిగి పల్చబడతాయి. అరుగుదల బయటికి కనిపించదు. పైకి రంగేసి నిగనిగలాడే బండిలో కూడా లోపల రెండు మూడు చుట్లే మిగిలి ఉండవచ్చు.

అందుకే ముందు బండిని చూసి, ఆ తర్వాతే స్పేర్ల జాబితా రాయండి. జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, టైరు కింద గడ్డపార దూర్చి పైకి లేపండి. ఇంకొకరు టార్చి వేసి కింది ట్రనియన్ దగ్గర చూడాలి. పిన్ పైకీ కిందికీ ఆడుతుంటే దాని పని అయిపోయినట్టే. తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. బ్రేకు తొక్కి పట్టినప్పుడు ఆట పోతే తేడా బేరింగులో ఉంది, పోకపోతే పిన్‌లోనో పై ఆర్మ్‌లోనో ఉంది. ఇందులో పై ఆర్మ్ అంటే లివర్ షాక్ అబ్జార్బర్ చెయ్యే. ఆయిల్ కారకపోయినా దాని బేరింగు వదులైతే చక్రం నిలువుగా నిలబడదు. కుడి ఎడమలకు ఊపితే టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్ కడ్డీల చివరి కీళ్లు), రాక్ (ఆ కడ్డీలను పక్కలకు జరిపే పళ్ల కడ్డీ) సంగతి తెలుస్తాయి.

ఇక కొనడం. ట్రనియన్ ఒక్కటే కొత్తది తెచ్చి అరిగిన పిన్‌కు ఎక్కిస్తే డబ్బు దండగ. పాత మరలు కొత్త మరల్ని త్వరగానే తినేస్తాయి. పిన్, ట్రనియన్లు జతగా బిగించి వచ్చే సెట్టు ఖరీదెక్కువే, కానీ ఈ బండి మీద ఖర్చు పెట్టాల్సిన చోటు ఏదైనా ఉందంటే ఇదే. క్రోమ్ బంపర్ వచ్చే ఏడు చూసుకోవచ్చు. కుడి ఎడమ పిన్నులు వేరు, మరలు తిరిగే దిశా వేరు. రెండు వైపులకూ విడివిడిగా ఆర్డర్ రాయండి. 1948 నుంచి 1971 దాకా తయారైన బండి కాబట్టి ఏడాదితో పాటు ఛాసిస్ నంబరు కూడా చెప్పాలి. అరిగిన మరలకు వెల్డింగ్‌తో మెటల్ ఎక్కించి లేత్ పట్టిస్తామనే మేస్త్రీలు ఉంటారు. స్టీరింగ్ భాగాల మీద ఆ పని చేయించకండి. వెల్డింగ్ వేడికి ఉక్కు గుణమే మారిపోతుంది.

కొత్తగా తయారయ్యే టై రాడ్ ఎండ్‌లు అన్నీ ఒక్కలా ఉండవు. రబ్బరు బూటును వేళ్లతో నొక్కి చూడండి, మడతలో పగుళ్లు కనిపిస్తే పక్కన పెట్టేయండి. కొన వైపు సన్నబడే టేపర్ పిన్‌ను స్టీరింగ్ ఆర్మ్ రంధ్రంలో దూర్చి నట్టు బిగించాక, నట్టు వదులవకుండా గుచ్చే స్ప్లిట్ పిన్ రంధ్రం ఎక్కడ నిలిచిందో చూడాలి. అది నట్టు గాడులకు పైన తేలితే టేపర్ కలవలేదని అర్థం. వాషర్లు వేసి సరిపెట్టకండి, తిప్పి పంపేయండి. బూటు చిరిగిన రాక్‌లో గ్రీజు కూరి పని అయిందనుకోవడమూ తప్పే. అందులో ఉండాల్సింది గేర్ ఆయిల్.

విప్పేటప్పుడు అసలు ప్రమాదం టార్షన్ బార్‌తో, అంటే మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీతో. చక్రం గాల్లో వేలాడుతున్నా బార్‌లో మెలి బలం మిగిలే ఉంటుంది. కింది ఆర్మ్ కింద జాకీ ఆనించకుండా పిన్ ఊడదీస్తే ఆర్మ్ ఒక్కసారిగా విసురుగా కిందికి కొడుతుంది. చెయ్యి అడ్డం ఉంటే ఇక చెప్పక్కర్లేదు. జాకీని మెల్లగా దించుతూ బలం పూర్తిగా పోయిందని చూసుకున్నాకే ముందుకు వెళ్లండి. ఇన్నాళ్లూ ఒక వైపుకు మెలిపడిన బార్‌ను రెండో వైపు వేయకూడదు. పైపు రెంచ్‌తో పట్టి గాట్లు పెట్టినా బార్ అక్కడే పగులుతుంది.

బిగించేటప్పుడు నైలాన్ నట్లు, స్ప్లిట్ పిన్నులు కొత్తవే వాడండి. బండి మరలు ఇంచీల కొలతవి, పక్క షాపులో దొరికే మిల్లీమీటర్ల నట్టు రెండు చుట్లు ఎక్కిందని సంబరపడొద్దు. రబ్బరు బుష్‌ల బోల్టుల్ని బండి చక్రాల మీద దిగి, బరువు పడ్డాకే ఆఖరి బిగింపు బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి నెలల్లోనే చీలుతుంది. ట్రనియన్లకు గ్రీజు కొట్టేటప్పుడు మాత్రం దీనికి పూర్తిగా ఉల్టా: చక్రం వేలాడాలి, లేకపోతే బరువు ఆనిన వైపు మరల్లోకి గ్రీజు పోదు. ఇది ప్రతి 1,600 కిలోమీటర్లకు ఒకసారి, తక్కువ తిప్పేవాళ్లయితే వానలకు ముందూ తర్వాతా చేయాలి.

అలైన్‌మెంట్ చేయించాక ఒక యాభై కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, నట్లన్నీ మళ్లీ చూడండి. పాత పిన్నులను మార్పిడి కింద వెనక్కి పంపాల్సి వచ్చినా అప్పటిదాకా ఇంట్లోనే ఉంచండి. కొత్తది సరిపోకపోతే కొలిచి చూపించడానికి పనికొచ్చేవి అవే.