టమాటా మొక్కలో ఏ పిలక తుంచాలి, ఏది వదిలేయాలి?

కుండీలో టమాటా పెంచడం మొదలుపెట్టగానే అందరూ ఇచ్చే సలహా ఒకటుంది: "పక్క పిలకలు (ఆకు చంకల్లోంచి వచ్చే కొత్త కొమ్మలు) కనిపిస్తే తుంచేయండి." కొన్ని రకాలకు ఇది మంచి సలహానే. ఇంకొన్ని రకాలకు ఇదే పని చేస్తే కాయబోయే కాయల్ని మన చేత్తో మనమే పారేసినట్టవుతుంది. అందుకే కత్తెర సంగతి తర్వాత, ముందు మీ మొక్క ఏ రకమో తేల్చుకోండి.

మొక్క ఏ రకం?

విత్తనాల ప్యాకెట్ మీద ఇన్‌డిటర్మినేట్ అనో డిటర్మినేట్ అనో రాసి ఉంటుంది. మొదటిది తీగ రకం. దీని ఎదుగుదలకు ఒక ముగింపంటూ లేదు. చలికో, తెగులుకో, వయసుకో మొక్క చనిపోయేదాకా పైకి పోతూనే ఉంటుంది, పూగుత్తులు వేస్తూనే ఉంటుంది. చెర్రీ టమాటాల్లో చాలా రకాలు ఇలాంటివే. రెండోది పొద రకం. ఇది కొంత ఎత్తు పెరిగాక కొమ్మ చివర పూగుత్తి వేసి అక్కడితో ఆగిపోతుంది. కాపు కూడా కొద్ది వారాల్లోనే ఒక్కసారిగా వచ్చేస్తుంది. సాస్‌కి వాడే రోమా టమాటా ఈ కోవలోదే.

పొద రకాల వెనక చిన్న చరిత్ర ఉంది. 1914లో అమెరికాలోని ఫ్లోరిడాలో, ఎదుగుదల ముందే ఆగిపోయిన పొట్టి టమాటా మొక్క ఒకటి దానంతటదే పుట్టుకొచ్చింది. ఆ గుణాన్నిచ్చే జన్యువుని సెల్ఫ్ ప్రూనింగ్ అంటారు. పొలంలో కాయలన్నీ దాదాపు ఒకేసారి పండి, యంత్రంతో కోయడానికి వీలైందంటే ఆ గుణం వల్లే.

ప్యాకెట్ పారేశారా? నారు తెచ్చుకుని నాటారా? టెన్షన్ పడకండి, మొక్కే చెబుతుంది. రెండు మూడు పూగుత్తులు వచ్చేదాకా ఆగి, ఒక గుత్తికీ దాని పై గుత్తికీ మధ్య ఎన్ని ఆకులున్నాయో లెక్కపెట్టండి. వరసగా మూడేసి ఆకులుంటే తీగ రకం. ఒకటో రెండో ఆకులకే గుత్తి వచ్చేస్తూ, కాండం కొస కూడా పూలతోనే ముగిసిపోతే పొద రకం. అప్పటిదాకా మొక్కను కదపకండి. కాస్త ఆలస్యంగా తుంచితే పెద్దగా పోయేదేమీ లేదు కానీ, తొందరపడి తుంచింది మళ్లీ అతకదు.

పొద రకమైతే

పని చాలా తక్కువ. ఈ మొక్కకు ఉన్న కొమ్మలే దాని మొత్తం కాపు. ప్రతి పిలకా పెరిగి, దాని కొసన పూలు పూసి ఆగిపోతుంది. పది పిలకలు తీసేస్తే పది కొమ్మల కాయలు పోయినట్టే. వాటి బదులు పైన కొత్తవి వేసుకుంటూ పోయేంత ఆయుష్షు దానికి లేదు.

నేలకు తగిలే ఆకుల్నీ, మొదటి పూగుత్తికి కింద ఉన్న పిలకల్నీ తీసేయండి. గాలి ఆడుతుంది, నీళ్లు పోసేటప్పుడు మట్టి చింది ఆకుల మీద పడదు. కత్తిరింపు అంతటితో సరి. కాయల బరువుకి కొమ్మలు వాలిపోకుండా కుండీ చుట్టూ నాలుగు కర్రలు గుచ్చి, జానెడు ఎడంతో పురికొస చుట్లు తిప్పండి. కొమ్మలు వాటి మీద ఆనుకుంటాయి. ఈ రకానికి తల తుంచడం, ఒకే కాండం మీద పెంచడం లాంటి ప్రయోగాలు నా ఉద్దేశంలో శుద్ధ దండగ.

తీగ రకమైతే

అసలు పని ఇక్కడుంది. ఊరికే వదిలేస్తే ఈ మొక్క ప్రతి ఆకు దగ్గరా ఒక పిలక వేస్తుంది, ఆ పిలక ఆకుల దగ్గర మళ్లీ పిలకలొస్తాయి. కుండీలో ఉన్న కాస్త మట్టి, కాస్త నీరు ఇంత అడవిని మోయలేవు. లోపలి ఆకులకు వెలుతురు అందదు, వాన తడో మంచు తడో ఆరదు, తెగుళ్లు మొదలవుతాయి. పిలకలు తీసి పెంచిన మొక్కకు మొత్తం కాయల సంఖ్య కాస్త తగ్గొచ్చు. కానీ కాయ పెద్దదవుతుంది, ముందుగా పండుతుంది, తక్కువ చోటులో మొక్క అదుపులో ఉంటుంది. కుండీలో పెంచేవాళ్లకు కావలసింది ఇదే. కుండీ కనీసం 15 నుంచి 20 లీటర్లది పెట్టుకోండి.

మొదటి పని: నాటిన రోజే ఊతకర్ర

ఐదారు అడుగుల గట్టి కర్రను నారు నాటేటప్పుడే కుండీ అడుగు తగిలేదాకా దించండి. నెల తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి. పైన ఏదైనా ఆధారం ఉంటే కర్రకు బదులు తాడు వేలాడదీసి, దాన్ని కాండం మొదట్లో వదులుగా ముడేసి, మొక్క పెరిగేకొద్దీ కాండానికి చుట్టుకుంటూ పోవచ్చు. నాటేటప్పుడు కింది ఆకులు తీసేసి కాండాన్ని కాస్త లోతుగా పాతండి. మట్టిలోకి వెళ్లిన కాండమంతా వేళ్లు వేస్తుంది.

రెండో పని: పిలకని గుర్తుపట్టడం

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఆకు కాడ కాండానికి కలిసే చోట, ఆ చంకలోంచి ఏటవాలుగా పైకి లేచేది పిలక. దాని కొసన బుల్లి ఆకులుంటాయి, అచ్చం మొక్క తలలాగే కనిపిస్తుంది. పూగుత్తి అలా కాదు. అది ఆకు చంకలోంచి రాదు. రెండు ఆకుల మధ్య ఉన్న బోడి కాండం మీదనుంచి పక్కకు వస్తుంది. దాని చివర ఆకులు ఉండవు, ఆవగింజలంత పచ్చటి మొగ్గలు వరసగా ఉంటాయి. దగ్గరగా చూస్తే మొగ్గల మీద సన్నటి నూగు కనిపిస్తుంది. ఏదో తేల్చుకోలేకపోతే రెండు రోజులు ఆగండి. పిలకైతే ఆకు విప్పుతుంది, గుత్తి అయితే మొగ్గలు ఉబ్బుతాయి.

మూడో పని: ఒక కాండమా, రెండా?

చోటు తక్కువైతే ఒకే కాండం ఉంచండి, అంటే పిలకలన్నీ తీసేయడమే. చోటూ వెలుతురూ బాగా ఉంటే రెండు కాండాలు నయం. రెండోదానికి ఏ పిలక పడితే అది పనికిరాదు. మొదటి పూగుత్తికి సరిగ్గా కింద ఉన్న ఆకు చంకలో వచ్చే పిలక అన్నిటికన్నా బలంగా ఎదుగుతుంది. దాన్ని ఉంచి, దానికీ ఒక కర్ర ఇవ్వండి. చెర్రీ రకాలకు రెండు కాండాలు బాగా నప్పుతాయి. పెద్ద కాయల రకాలకు ఒకటే మేలు. మూడు కాండాలు కుండీలో వద్దు.

నాలుగో పని: తుంచడం

పిలక వేలెడు పొడవు దాటక ముందే తీయాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య దాని మొదలు పట్టుకుని ఒక పక్కకు, తర్వాత రెండో పక్కకు వంచితే టక్కున ఊడి వస్తుంది. కిందికి లాగితే కాండం తొక్క చీరుకుపోతుంది. లేత పిలక వదిలిన గాయం చిన్నది కాబట్టి త్వరగా ఆరిపోతుంది. దీనికి కత్తెర అక్కర్లేదు. పైగా కత్తెర ఒక మొక్క రసాన్ని ఇంకో మొక్కకు అంటిస్తుంది. తుంచేటప్పుడు చేతులకు అంటుకునే పసుపుపచ్చ జిగురు కాసేపటికి నల్లబడుతుంది. మామూలుగా కడిగితే ఓ పట్టాన పోదు, సబ్బుతో గట్టిగా రుద్దాల్సిందే.

పొద్దున్నే మంచు తడి ఆరాక మొదలుపెట్టండి. ఆకులు తడిగా ఉండగా ముట్టుకుంటే బ్యాక్టీరియా తెగుళ్లు చేతుల ద్వారానే మొక్క నుంచి మొక్కకు పాకుతాయి. పొగాకు అలవాటున్నవాళ్లు మొక్కను ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలి. పొగాకు మొజాయిక్ వైరస్ టమాటాకూ సోకుతుంది, ఎండిన పొగాకులో కూడా చాలాకాలం బతికి ఉంటుంది.

వారానికి ఒకసారి చూస్తే చాలు. ఊరెళ్లి వచ్చేసరికి ఏదో పిలక మూరెడు పెరిగిపోయి ఉంటుంది. దాన్ని మొదలంటా నరికితే పెద్ద గాయమవుతుంది, అప్పటిదాకా ఆ ఆకుల నీడలో ఉన్న కాయలకు ఒక్కసారిగా ఎండ తగులుతుంది. అలాంటప్పుడు మొదటి రెండు ఆకులు ఉంచి, వాటి పైన కొసను మాత్రం గిల్లేయండి. కొమ్మ అక్కడితో ఆగుతుంది, ఆకులు మిగులుతాయి. ఆ ఆకుల చంకల్లో మళ్లీ పిలకలొస్తాయి, వాటి మీద ఓ కన్నేసి ఉంచండి. కత్తెర వాడక తప్పకపోతే ఒక మొక్కకీ ఇంకో మొక్కకీ మధ్య దాని అంచుల్ని 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి.

ఐదో పని: కట్టడం

జానెడు పెరిగినప్పుడల్లా ఒక కట్టు. పాత నూలు బట్ట పేలికలు అన్నిటికన్నా మంచివి, సన్నటి తీగలూ నైలాన్ దారాలూ కాండాన్ని కోసేస్తాయి. పేలికను ముందు కర్రకు గట్టిగా చుట్టి, మధ్యలో ఒక మెలిక తిప్పి, కాండం చుట్టూ చూపుడువేలు దూరేంత వదులుగా ముడేయండి. ఆ మెలిక వల్ల కాండం కర్రకు రాసుకోదు. కట్టు ఆకు కాడకు కింద ఉండాలి. పూగుత్తికి కింద కడితే, మొక్క బరువుకి జారినప్పుడు గుత్తి విరుగుతుంది. కాండాన్ని వంచాల్సి వస్తే మధ్యాహ్నం వంచండి. పొద్దున నీళ్లు నిండి ఉన్న కాండం పెళుసుగా ఉంటుంది, పుటుక్కున విరుగుతుంది.

ఆరో పని: కింది ఆకులు

మొదటి గుత్తి కాయలు రంగు తిరుగుతున్నప్పుడు దాని కింది ఆకుల్ని ఒక్కొక్కటిగా తీసేయొచ్చు. వాటికి వెలుతురు ఎలాగూ పెద్దగా అందదు, ఆకుమచ్చ తెగుళ్లు మొదట పట్టేది కూడా వాటినే. అయితే ఒక్కసారి రెండు మూడు ఆకులకు మించి తీయకండి. కాయలకు ఎండ తగిలితే త్వరగా పండుతాయని కొందరు పై ఆకులు కూడా దులిపేస్తారు. పండటానికి కావలసింది ఎండ కాదు, తగిన వేడి. సుమారు 20 నుంచి 25 డిగ్రీల మధ్య కాయ చక్కగా ఎర్రబడుతుంది. 30 డిగ్రీలు దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారుకాక పసుపు, నారింజ రంగుల దగ్గరే ఆగిపోతుంది. ఇక ఆకుల నీడ పోయిన కాయకు ఎండ పడిన వైపు తెల్లగా, కాగితంలా మచ్చ పడి, అక్కడినుంచే కుళ్లు మొదలవుతుంది. ఎండ మండే చోట ఆకే కాయకు గొడుగు.

ఏడో పని: తల తుంచడం

తీగ రకాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. మీ దగ్గర టమాటాకు అనువైన కాలం ఇంకో నెలన్నర, రెండు నెలల్లో ముగుస్తుందనగా కాండం కొసను గిల్లేయండి. పూసిన పువ్వు పండు కావడానికి అంత సమయం పడుతుంది, ఆ తర్వాత వచ్చే గుత్తులు ఎలాగూ అక్కరకు రావు. గిల్లేటప్పుడు చివరి గుత్తి పైన రెండు ఆకులు ఉంచండి. ఆ గుత్తికి తిండి పెట్టేవి, నీడనిచ్చేవి అవే. తల తీశాక పిలకలు విపరీతంగా వస్తాయి, రెండు మూడు వారాలు ఆగకుండా తుంచాల్సి ఉంటుంది.

తుంచిన తర్వాత ఇలా కనిపిస్తే

ఆకులు గొట్టాల్లా పైకి ముడుచుకుంటే, రంగు మాత్రం పచ్చగానే ఉంటే, ఎక్కువ తుంచారని అర్థం. వేడి తోడైతే ఇంకా ముడుచుకుంటాయి. మందులేమీ కొట్టకుండా రెండు వారాలు వదిలేయండి. కొత్త ఆకులు చిన్నవిగా, పసుపు అంచులతో వస్తుంటే మాత్రం అది కత్తిరింపు వల్ల వచ్చింది కాదు, తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ కావచ్చు. అలాంటి మొక్కను పీకేసి మిగతావాటిని కాపాడుకోవడమే మంచిది.

కాయ అడుగున నల్లగా, తోలులా గుంట పడితే అది కాల్షియం అందకపోవడం. మట్టిలో కాల్షియం ఉన్నా, ఒకరోజు ఎండగట్టి ఇంకోరోజు ముంచెత్తితే అది కాయదాకా చేరదు. కర్రకు కట్టి పిలకలు తీసి పెంచే మొక్కల్లో ఈ సమస్య కాస్త ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి నీళ్లు క్రమం తప్పకుండా పోయాలి. పూలు రాలిపోతుంటే కత్తిరింపును తిట్టుకోకండి. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి కూడా ఉక్కపోతగా ఉన్నా పుప్పొడి పనిచేయదు. గాలి ఆడని చోటైతే పూలు విప్పుకున్న రోజుల్లో మధ్యాహ్నం ఊతకర్రను వేలితో నాలుగుసార్లు తట్టండి. పుప్పొడి రాలడానికి ఆ మాత్రం అదురు చాలు.

తీసిన పిలకల్ని పారేయకండి

జానెడు పిలక దొరికితే కింది ఆకులు తీసి, నీడలో నీళ్ల గ్లాసులో పెట్టండి. వారం పది రోజుల్లో తెల్లటి వేళ్లు కనిపిస్తాయి, అప్పుడు మట్టిలోకి మార్చండి. విత్తనం నుంచి మొదలైన మొక్క కన్నా ఇది ముందుగా పూస్తుంది. పిలకకు అప్పటికే మొగ్గలుంటే గిల్లేసి పెట్టండి, లేకపోతే వేళ్లకు వెళ్లాల్సిన బలం వాటికి పోతుంది. ఇదంతా తీగ రకానికే. పొద రకం పిలక కూడా వేళ్లు వేస్తుంది కానీ, దాని కొసన పూగుత్తి అప్పటికే సిద్ధమై ఉంటుంది. మీకు దక్కేది జానెడు మొక్క, నాలుగు కాయలు.