చేత్తో గీస్తూ డీఎన్ఏ, ఆర్ఎన్ఏ – మూడో పాఠం: చక్కెర మీది అంకెలు

దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట వైపు చల్క నేలల్లో ఆముదం పండించే ఇళ్లవారికి ఒక జాగ్రత్త తెలుసు. గింజ నుంచి నూనె తీశాక మిగిలే చెక్కను పొలానికి ఎరువుగా వేస్తారు, పశువుల ముందు మాత్రం పెట్టరు. ఆ గింజలో రిసిన్ అనే విషపు ప్రోటీన్ ఉంటుంది. నూనెలోకి రాదు, చెక్కలోనే మిగిలిపోతుంది. అది కణంలోకి ప్రవేశించి ఆర్ఎన్ఏలో ఒకే ఒక్క బంధాన్ని తెంచుతుంది. ఆ బంధం ఏదో, ఈ పాఠం పూర్తయ్యేలోగా మీరు గీసిన బొమ్మ మీదే వేలు పెట్టి చూపించగలగాలి.

గత రెండు పాఠాల్లో డీఎన్ఏ, ఆర్ఎన్ఏ గొలుసుల్లోని నత్రజని క్షారాలను గీశాం. రెండు వలయాలున్న ప్యూరిన్లు అడినిన్, గ్వానిన్. ఒకే వలయమున్న పిరిమిడిన్లు సైటోసిన్, థైమిన్, యురాసిల్. డీఎన్ఏలో థైమిన్ ఉన్న చోట ఆర్ఎన్ఏలో యురాసిల్ ఉంటుంది. అవి చూడకుండా గీయడం వచ్చాకే ముందుకు రండి.

ఇవాళ అదే గొలుసుల్లో ఉండే చక్కెర అణువు. ఇంటర్ బైపీసీ పిల్లలు అడినిన్–థైమిన్ (ఎ–టి), గ్వానిన్–సైటోసిన్ (జి–సి) జతలను గడగడా అప్పజెబుతారు. ఐదో కార్బన్ ఎక్కడుందని అడిగితే ఆగిపోతారు. తప్పు వాళ్లది కాదు, జతల మీద పెట్టే శ్రద్ధ చక్కెర మీద ఎవరూ పెట్టించరు. నిజానికి డీఎన్ఏకూ ఆర్ఎన్ఏకూ స్వభావంలో ఇంత తేడా రావడానికి ముఖ్య కారణం అక్కడే ఉంది.

పెన్సిలు తీసుకోండి. ఒక మూల పైకి ఉండేలా ఐదు మూలల బొమ్మ గీయండి. పై మూలలో ఆక్సిజన్ అని రాయండి. అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు వస్తూ కుడి మూలకు 1', కింద కుడి మూలకు 2', కింద ఎడమ మూలకు 3', ఎడమ మూలకు 4' అని అంకెలు వేయండి. మూలలు అయిపోయాయి. ఐదో కార్బన్ వలయంలో ఉండదు. 4' నుంచి పైకి ఒక గీత గీసి దాని కొసన 5' రాయండి. చాలామంది తడబడేది ఇక్కడే కాబట్టి ఈ బొమ్మను చెయ్యి తిరిగే దాకా మళ్లీ మళ్లీ గీయండి. అంకె పక్కనున్న చిన్న గీతను ప్రైమ్ అంటారు. క్షారాల వలయాలకు మామూలు అంకెలు ముందే ఇచ్చాం కనుక, అవీ ఇవీ కలిసిపోకుండా ఈ గుర్తు.

ఇప్పుడు ఒక్కో అంకెకు దాని పని అప్పగిద్దాం.

1' నుంచి పైకి గీత గీసి క్షారాన్ని తగిలించండి. ప్యూరిన్ అయితే దాని 9వ స్థానంలోని నత్రజనితో, పిరిమిడిన్ అయితే 1వ స్థానంలోని నత్రజనితో అతుక్కుంటుంది. దీని పేరు గ్లైకోసిడిక్ బంధం. క్షారం, చక్కెర కలిస్తే న్యూక్లియోసైడ్. అడినిన్‌కు ఆర్ఎన్ఏ చక్కెర అయిన రైబోస్ చేరితే అడినోసిన్.

5' కొసన ఫాస్ఫేట్ చేర్చండి. ఇప్పుడది న్యూక్లియోటైడ్. అడినోసిన్‌కు ఇదే చోట వరుసగా మూడు ఫాస్ఫేట్లు తగిలిస్తే ఏటీపీ, కణానికి శక్తినిచ్చే అణువు. 1929లో దాన్ని కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. శక్తినిచ్చే అణువూ ఆర్ఎన్ఏ కట్టుబడికి వాడే ముడిసరుకూ ఒకటే కావడం నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే ఇష్టమైన విషయం.

2' దగ్గర నిదానించండి. ఇక్కడ కిందికి హైడ్రాక్సిల్ సమూహం (ఆక్సిజన్, దానికి అతుక్కున్న హైడ్రోజన్) ఉంటే అది రైబోస్, ఆర్ఎన్ఏ చక్కెర. ఆ ఆక్సిజన్ లేకుండా హైడ్రోజన్ మాత్రమే ఉంటే డీఆక్సీరైబోస్, డీఎన్ఏ చక్కెర. తేడా ఒక్క పరమాణువే, ఫలితం మాత్రం పెద్దది. క్షార ద్రావణంలో (ఇక్కడ క్షారమంటే నత్రజని క్షారం కాదు, ఆల్కలీ) ఆర్ఎన్ఏను ఉంచితే 2' మీది ఆక్సిజన్ తన పక్కనే 3' వైపున్న ఫాస్ఫేట్ మీద దాడి చేసి సొంత గొలుసునే తెంచుతుంది. డీఎన్ఏకు ఆ ఆక్సిజనే లేదు. క్షార ద్రావణంలో దాని రెండు పోగులూ, అంటే జతగా ఉండే రెండు గొలుసులూ, విడిపోతాయి తప్ప పోగు తెగదు. తరతరాలకు అందించాల్సిన సమాచారాన్ని చాలా జీవులు డీఎన్ఏలో దాచుకోవడానికి ఈ నిలకడ ఒక ముఖ్య కారణం.

3' మీది హైడ్రాక్సిల్ తరువాతి న్యూక్లియోటైడ్ 5' ఫాస్ఫేట్‌తో కలిసి ఫాస్ఫోడైఎస్టర్ బంధం ఏర్పరుస్తుంది. గొలుసు అలా పెరుగుతుంది. అందుకే దానికి ఒక కొస 5', మరో కొస 3'. డీఎన్ఏలో రెండు పోగులూ ఎదురెదురు దిశల్లో సాగుతాయి. ఎ–టి మధ్య రెండు, జి–సి మధ్య మూడు హైడ్రోజన్ బంధాలు. ఎ ఎంతో టి అంత, జి ఎంతో సి అంత ఉంటాయని జీవరసాయన శాస్త్రవేత్త చార్‌గాఫ్ 1950 నాటికే చెప్పాడు. రోజలిండ్ ఫ్రాంక్లిన్ ఎక్స్‌రే చిత్రాల ఆధారం కూడా తోడయ్యాక, 1953లో వాట్సన్, క్రిక్ జంట సర్పిల నమూనాను ప్రకటించారు.

ఇక రిసిన్ సంగతి. ప్రోటీన్లు తయారు చేసే రైబోసోమ్‌లో ఒక పెద్ద ఆర్ఎన్ఏ ఉంటుంది. అందులో జి, ఎ, జి, ఎ అని వచ్చే ఒక మలుపు ఉంది. రిసిన్ అక్కడి మొదటి అడినిన్‌ను చక్కెర నుంచి ఊడదీస్తుంది. తెగేది 1' దగ్గరి గ్లైకోసిడిక్ బంధం. ఫాస్ఫేట్లు, చక్కెరలు చెక్కుచెదరవు, గొలుసు అప్పటికి తెగదు. అయినా వేల న్యూక్లియోటైడ్లలో ఆ ఒక్క క్షారం పోగానే రైబోసోమ్ పని ఆగిపోతుంది. ఈ రసాయన మర్మాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 1987లో విప్పారు. మీ బొమ్మలో 1' మీది గీతను రబ్బరుతో చెరపండి. రిసిన్ చేసే పని సరిగ్గా అదే. వేడికి ఈ ప్రోటీన్ పాడవుతుంది గాని, ఇంట్లో ఉడకబెట్టి చెక్కను పశువుకు పెట్టే ప్రయత్నం ఎవరూ చేయవద్దు.

సాధన. డీఎన్ఏ పోగు ఒకటి: 5'–ఎ జి టి సి సి ఎ–3'. దీని జత పోగును 5' నుంచి రాయండి, హైడ్రోజన్ బంధాలు లెక్కపెట్టండి. ఇదే పోగును అచ్చుగా తీసుకుని ఆర్ఎన్ఏ తయారైతే ఎలా ఉంటుందో కూడా రాయండి.

జవాబులు: జత పోగు 5'–టి జి జి ఎ సి టి–3'. బంధాలు 15. ఆర్ఎన్ఏ 5'–యు జి జి ఎ సి యు–3'. టి సి ఎ జి జి టి అని రాసినవారు 3' కొస నుంచి చదివారన్నమాట, కొసలకు అంకెలు వేసి మళ్లీ చూడండి.

నాలుగో పాఠానికి ముందు ఒక పని: రెండు న్యూక్లియోటైడ్లను 3'–5' బంధంతో కలిపి పూర్తి బొమ్మ గీయండి, ఒకసారి డీఎన్ఏగా, ఒకసారి ఆర్ఎన్ఏగా. రెండో బొమ్మలో క్షార ద్రావణం వల్ల తెగే బంధానికి ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి.