భర్త లేదా భార్య క్రెడిట్ స్కోరు బాగోలేకపోతే హోమ్‌లోన్ ఎలా తెచ్చుకోవాలి?

ఇల్లు దొరికింది, ఇద్దరికీ నచ్చింది, మీ క్రెడిట్ స్కోరు శుభ్రంగా ఉంది. కానీ ఇంట్లో రెండోవాళ్ల స్కోరు పాత బాకీల వల్ల బాగా పడిపోయింది. చాలామంది ఇక్కడే ఇక మనకి లోన్ రాదులే అని వదిలేసుకుంటారు, లేదంటే ఏ లెక్కా వేసుకోకుండా ఇద్దరి పేర్లతో దరఖాస్తు పెట్టేసి రిజెక్ట్ అయ్యాక ఒకరినొకరు అనుకుంటారు. రెండూ అక్కర్లేదు. పెళ్లితో స్కోర్లు కలిసిపోవు, ఎవరి చరిత్ర వాళ్లదే. ఇద్దరూ కలిసి అప్పుకి సంతకం పెడితేనే బ్యాంకు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. బ్రిటన్‌లో మాత్రం కాస్త తేడా ఉంది, అక్కడ ఉమ్మడి ఖాతా ఉంటే ఇద్దరి ఫైళ్లకీ లింకు పడుతుంది కాబట్టి మీరు ఒక్కరే అప్లై చేసినా బ్యాంకు రెండోవాళ్ల రిపోర్టు కూడా చూడొచ్చు.

ముందు రెండు రిపోర్టులూ తెప్పించండి

స్కోరు ఒక్కటే కాదు, పూర్తి రిపోర్టు కావాలి. స్కోరు నంబరు చూసి కంగారు పడటం తప్ప దానితో చేయగలిగేది ఏమీ లేదు, అసలు విషయమంతా లోపలి పేజీల్లో ఉంటుంది. పైగా అమెరికాలో వాడే ఫికో స్కోరు 300 నుంచి 850 దాకా, ఇండియాలో వాడే సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటాయి కాబట్టి ఎవరో చెప్పిన నంబరుతో మీది పోల్చుకోకండి. ఇండియాలో ఒక్కో క్రెడిట్ బ్యూరో (మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థ) నుంచి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా వస్తుంది. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా ఆయన ఒక పాత క్రెడిట్ కార్డు క్యాన్సిల్ అయిపోయిందనే అనుకున్నారు. ఇల్లు మారాక స్టేట్‌మెంట్లు పాత అడ్రసుకే వెళ్లాయి, మిగిలిపోయిన వార్షిక ఫీజు మీద వడ్డీ, పెనాల్టీ పెరుగుతూ పోయాయి. రిపోర్టు తెరిస్తే ఆ కార్డు కింద నెలకో గడి ఉంది, అందులో 000 ఉండాల్సిన చోట 30, 60, 90 అని వరసగా పెరుగుతూ పోయింది. అవి ఎన్ని రోజులు ఆలస్యమైందో చెప్పే అంకెలు. ఆ పేజీ చూసేదాకా నేనూ మనసులో ఆయన ఏదో పెద్ద అప్పు దాచారనే అనుకున్నాను. అందుకే చెబుతున్నా, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి, నువ్వు చదివి నాకు చెప్పు అని ఒకరి మీద వదిలేయకండి.

చదివేటప్పుడు ప్రతి ఖాతా కింద స్టేటస్ ఏముందో చూడండి. 'క్లోజ్డ్' అంటే పూర్తిగా కట్టేశారని. 'సెటిల్డ్' అంటే బ్యాంకు కొంత వదులుకుని తక్కువకి ఒప్పుకుందని, హోమ్‌లోన్ ఇచ్చేవాళ్లకి ఇది నచ్చదు. కాబట్టి ఇప్పుడు పాత బాకీ తీర్చబోతుంటే, సగం కట్టండి చాలు అని ఫోన్ వచ్చినా, చేతిలో డబ్బుంటే మొత్తం కట్టి, ఇక బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ లెటర్ తీసుకోండి. మీది కాని అప్పు మీ పేరున ఉన్నా, కట్టేసింది కట్టనట్టు ఉన్నా, బ్యూరోకి ఫిర్యాదు పెట్టండి. ఇండియాలో అయినా అమెరికాలో అయినా మామూలుగా 30 రోజుల్లో తేల్చాలి. డబ్బిస్తే స్కోరు సరిచేస్తాం అనేవాళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు, నిజంగా జరిగిన ఎగవేతని రిపోర్టు నుంచి ఎవరూ తీయించలేరు.

తర్వాత లెక్క: ఇద్దరి జీతం నిజంగా అవసరమా?

ఇక్కడ తొందరపడకండి. ఇద్దరి జీతాలూ కలిపితే ఎక్కువ లోన్ వస్తుంది, అది నిజమే, కానీ ఎంత ఎక్కువో కాగితం మీద వేసి చూడాలి. ఉదాహరణకి మీ నెల జీతం 60 వేలు, రెండోవాళ్లది 40 వేలు అనుకోండి. అన్ని ఈఎంఐలూ కలిపి ఆదాయంలో 40 శాతం దాటకూడదు అని బ్యాంకు అందనుకుందాం. ఇద్దరూ అప్లై చేస్తే ఈఎంఐలకి నెలకి 40 వేలు, మీరొక్కరే అయితే 24 వేలు. తేడా చాలా ఉన్నట్టుంది కదా. కానీ రెండోవాళ్లకి ఇప్పటికే 8 వేల కారు ఈఎంఐ ఉంటే, ఇద్దరూ కలిసి అప్లై చేసినప్పుడు అది తీసేయగా మిగిలేది 32 వేలు. మీరొక్కరే అప్లై చేస్తే ఆ కారు లోను లెక్కలోకే రాదు, మీ 24 వేలు మీకు అలాగే ఉంటాయి. అంటే తేడా 16 వేలు కాదు, 8 వేలు మాత్రమే.

దాని పక్కనే వడ్డీ కూడా రాసుకోండి. తక్కువ స్కోరుని బట్టి రేటు పెట్టే చోట ఒక్క శాతం పెరిగినా భారం చిన్నదేం కాదు. 20 ఏళ్లకి ప్రతి లక్ష అప్పు మీద 8.5 శాతం అయితే నెలకి 868, అదే 9.5 అయితే 932. నెలకి 64 అంటే ఏముందిలే అనిపిస్తుంది, 20 ఏళ్లకి ప్రతి లక్ష మీద 15,000 పైనే అవుతుంది. మీరు తీసుకునేది ఎన్ని లక్షలో దానితో గుణించండి. మీ ఒక్కరి జీతం మీద వచ్చే లోనుకి కాస్త చిన్న ఇల్లో, కాస్త ఎక్కువ డౌన్ పేమెంటో సరిపోతుందంటే, ఒక్కరే అప్లై చేయమనే నేను చెబుతాను.

లోన్ ఎవరి పేరు మీద, ఇల్లు ఎవరి పేరు మీద?

ఇవి రెండూ వేరు, చాలామంది కలిపేస్తారు. ఇండియాలో ఇంటికి ఎంతమంది ఓనర్లుంటే అంతమందీ లోనులో కో-అప్లికెంట్లుగా ఉండాలని బ్యాంకులు సాధారణంగా అడుగుతాయి. అంటే రిజిస్ట్రేషన్ ఇద్దరి పేరునా కావాలంటే రెండోవాళ్ల స్కోరు కూడా బయటకి వస్తుంది. అమెరికాలో లోను ఒకరి పేరున, టైటిల్ (ఇంటి యాజమాన్యం) ఇద్దరి పేరునా పెట్టుకునే వీలు ఉంటుంది. అయితే టెక్సస్, కాలిఫోర్నియా లాంటి 9 రాష్ట్రాల్లో, ప్రభుత్వ హామీ ఉండే ఎఫ్‌హెచ్‌ఏ, వీఏ లోన్లకి మీరొక్కరే అప్లై చేసినా మీ వాళ్ల అప్పులు కూడా లెక్కలో కలుపుతారు, స్కోరు మాత్రం చూడరు.

ఇల్లు ఒకరి పేరునే ఉండాల్సి వస్తే దాన్ని చిన్న విషయంగా తీసేయకండి. పేరు లేనివాళ్లు కూడా డౌన్ పేమెంటులో తమ పొదుపు పెడుతుంటే, ఎవరు ఎంత పెట్టారో బ్యాంకు ట్రాన్స్‌ఫర్ రూపంలో ఆధారం ఉండాలి, ఒకసారి లాయరుతో మాట్లాడి కాగితం రాసుకోవాలి. మొగుడూ పెళ్లాల మధ్య కాగితాలేంటి అనుకోవద్దు. సంతకం పెట్టేవాళ్లు కూడా ఆలోచించుకోవాలి, రేపు ఈఎంఐ ఆగితే బ్యాంకు పట్టుకునేది మిమ్మల్నే. అప్పుకి సరిపడా టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకోండి. ఇండియాలో అయితే పన్ను మినహాయింపు ఓనరుగానూ, లోన్ తీసుకున్నవాళ్లుగానూ ఉన్నవాళ్లకే వస్తుందని గుర్తుంచుకోండి.

ఇద్దరూ కలిసి తీసుకోక తప్పదంటే

ఆరు నెలలు ఆగగలిగితే ఆగండి. ఫికో లెక్కలో 35 శాతం మీరు సమయానికి కట్టారా అన్నదాని మీద, 30 శాతం ఎంత బాకీ ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. ఆలస్యమైన పాత నెలలు మీ చేతిలో లేవు, కార్డు బాకీ మీ చేతిలో ఉంది. లిమిట్‌లో 30 శాతం కిందకి, వీలైతే ఇంకా కిందకి దించండి. కట్టాల్సినవన్నీ ఆటో డెబిట్‌లో పెట్టేయండి. పాత కార్డులు మూయకండి, కొత్త లోన్లు, కొత్త కార్డులు తీసుకోకండి. మేం చేసిందీ ఇదే.

తర్వాత బ్యాంకుకి వెళ్లినప్పుడు ఫారం నింపే ముందే అడగండి: ఇద్దరిలో ఎవరి స్కోరు చూస్తారు, ఎంత ఉండాలి, మీ రిపోర్టులో ఉన్నదానికి వివరణ లెటర్ ఇస్తే తీసుకుంటారా. ఇవి ముందే తెలిస్తే పదిచోట్ల అప్లై చేసి రిపోర్టులో పది ఎంక్వైరీలు (లోన్ అడిగారన్న నమోదులు) వేయించుకోవాల్సిన పని ఉండదు. పాత బాకీని దాచే ప్రయత్నం చేయకండి, అది వాళ్లకి ఎలాగూ కనిపిస్తుంది. ఏం జరిగింది, ఎప్పుడు తీర్చారు అని అరపేజీలో రాసి, నో డ్యూస్ లెటర్ జతచేసి మీరే ముందు ఇవ్వండి.

ఎలా తీసుకున్నా, ఓ ఏడాది తర్వాత రెండు రిపోర్టులూ మళ్లీ తెప్పించుకోండి. స్కోరు పెరిగి ఉంటే మీ బ్యాంకుని రేటు తగ్గించమని అడగండి, ఒప్పుకోకపోతే తక్కువకి ఇచ్చే ఇంకో బ్యాంకుకి లోన్ మార్చుకోవచ్చు. మార్చే ముందు ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చినందుకు వేసే ఛార్జీలు పోను నిజంగా ఎంత మిగులుతుందో లెక్క వేయించుకోండి.