పాత మజిల్ కారు సస్పెన్షన్ అప్‌గ్రేడ్: ఏది ముందు, ఏది తర్వాత, ఏది అక్కర్లేదు

1964 నుంచి 1974 దాకా డెట్రాయిట్ కంపెనీలు చేసిన మజిల్ కార్లకు, అంటే పెద్ద ఇంజన్ పెట్టిన అమెరికన్ కార్లకు, ఇంజన్లో లోటేమీ లేదు. ఇబ్బందంతా మలుపు దగ్గరే. బండి పక్కకి ఒరిగిపోతుంది, స్టీరింగ్ తిప్పాక ముక్కు కాస్త ఆలస్యంగా తిరుగుతుంది, గతుకు తగిలితే ముందు భాగం రెండు మూడుసార్లు ఊగి గానీ నిలబడదు. ఇది చూసి చాలామంది మొట్టమొదట గట్టి స్ప్రింగులు కొంటారు. అక్కడే డబ్బు వృథా అవుతుంది. ఈ కార్లలో అసలు లోపాలు రెండు. ఫ్యాక్టరీ షాకులు (షాక్ అబ్జార్బర్లు) ఊపును ఆపలేవు. ముందు చక్రాలు మలుపులో నిటారుగా నిలబడవు. ఈ రెండింటినీ వదిలేసి స్ప్రింగులు గట్టివి వేస్తే గతుకులన్నీ నడుముకి తగులుతాయే తప్ప టైరు పట్టు పెరగదు.

కొనే ముందు కారు కిందకి దూరండి

అరిగిపోయిన భాగాల మీద కొత్త భాగాలు బిగిస్తే లోపం ఎక్కడుందో ఇక తేలదు. ముందు చక్రం లేపి, టైరు కింద గడ్డపార పెట్టి పైకి ఎత్తి చూడండి. చక్రాన్ని ఫ్రేముకి కలిపే పై, కింది కడ్డీలు ఆర్మ్‌లు, వాటి చివరి కీలు బాల్ జాయింట్. అందులో ఆట, అంటే వదులు, ఉంటే అక్కడే తెలుస్తుంది. జాకీ పెట్టే చోటు మాత్రం కారుని బట్టి మారుతుంది. షెవ్రొలే షెవెల్, కమారో లాంటి వాటిలో స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది కాబట్టి జాకీ కింది ఆర్మ్ కిందే పెట్టాలి. పాత ఫోర్డ్ మస్టాంగ్‌లో స్ప్రింగు పై ఆర్మ్ మీద ఉంటుంది. దానికి పై ఆర్మ్‌కూ ఫ్రేముకూ మధ్య చెక్క దిమ్మ ఇరికించి, కారుని ఫ్రేము దగ్గర లేపాలి. ఇలా చేయకపోతే స్ప్రింగు బరువు జాయింట్‌ని బిగబట్టేస్తుంది, ఎంత అరిగినా ఆట కనబడదు.

ఇంజన్ ఆన్‌లో ఉంచి స్టీరింగ్‌ని అటూ ఇటూ కదపండి. చక్రాలు కదలకుండానే స్టీరింగ్ అంచు రెండంగుళాలకు మించి తిరిగిందంటే స్టీరింగ్ బాక్సు, దానిమీది రబ్బరు కప్లింగ్, టై రాడ్లు, ఐడ్లర్ ఆర్మ్ ఒక్కొక్కటిగా చూడాలి. తర్వాత తుప్పు. మస్టాంగ్‌కి షాకు పై కొనని పట్టుకునే షాక్ టవర్ల చుట్టూ పగుళ్లు వస్తాయి. మొదటి తరం కమారోకి ముందు సబ్‌ఫ్రేమ్ బుష్షులు (అతుకుల దగ్గరి రబ్బరు దిమ్మలు) నలిగిపోతాయి. డాడ్జ్, ప్లిమత్ కార్లకి టార్షన్ బార్ (స్ప్రింగులా పనిచేస్తూ మెలి తిరిగే కడ్డీ) వెనక కొనని పట్టుకునే క్రాస్‌మెంబర్ తినేస్తుంది. తుప్పు పట్టిన చోట కొత్త బోల్టు ఎంత బిగించినా నిలవదు కాబట్టి వెల్డింగ్ పని ముందు పూర్తవ్వాలి.

చివరగా ఒక కాగితం మీద నాలుగు కొలతలు రాసి పెట్టుకోండి: ప్రతి చక్రం మధ్య నుంచి దాని పైనున్న ఫెండర్ అంచు దాకా ఎంత ఎత్తుందో. ఇవి లేకుండా తర్వాత ఏ నిర్ణయమూ కుదరదు.

మొదటి ఖర్చు టైర్లకీ అలైన్‌మెంట్‌కీ

ఈ కార్లు ఎఫ్70-14 లాంటి పాతకాలపు బయాస్ ప్లై టైర్ల మీద వచ్చాయి. ఫ్యాక్టరీ అలైన్‌మెంట్ అంకెలు ఆ టైర్ల కోసం రాసినవి. క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే అక్షం వాలు) సున్నాకి దగ్గరగా ఉంటుంది, కొన్నింటిలో నెగెటివ్ కూడా. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు, పై అంచు బయటికైతే పాజిటివ్) కొంచెం పాజిటివ్. రేడియల్ టైర్లు వేసి అవే అంకెలు ఉంచితే బండి నేరుగా నిలవదు, టైరు బయటి అంచు అరిగిపోతుంది.

రోడ్డు మీద తిరిగే కారుకి మేము చెప్పే అంకెలు ఇవి. పవర్ స్టీరింగ్ ఉంటే క్యాస్టర్ పాజిటివ్ 3 నుంచి 5 డిగ్రీలు. మాన్యువల్ స్టీరింగ్ అయితే 2 చాలు, ఇంకా పెంచితే పార్కింగ్ చేసేటప్పుడు చేతులు లాగేస్తాయి. క్యాంబర్ నెగెటివ్ అర నుంచి ముప్పావు డిగ్రీ. టో (రెండు చక్రాల ముందు అంచులు తిరిగి ఉన్న మేర) మొత్తం మీద లోపలికి అంగుళంలో 16వ వంతు నుంచి 8వ వంతు. అలైన్‌మెంట్ షాపులో ఊరికే వదిలేస్తే పాత పుస్తకంలోని అంకెలే పెట్టేస్తారు, అందుకని ఇవి రాసి చేతికివ్వండి. ఫ్యాక్టరీ పై ఆర్మ్‌లతో చాలా కార్లలో 3 డిగ్రీల క్యాస్టర్ రావడమే కష్టం. షిమ్‌లు, అంటే సర్దడానికి పెట్టే పలుచటి రేకులు, గుట్టగా పేర్చాల్సి వస్తే పై ఆర్మ్ మార్చే వేళ వచ్చినట్టే.

స్ప్రింగు ఎంత గట్టిది కావాలో లెక్కేసి తెలుసుకోండి

స్ప్రింగు మీద రాసిన అంకె చక్రానికి నేరుగా అందదు. స్ప్రింగు ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది, చక్రం చివర ఉంటుంది. చక్రం ఒక అంగుళం కదిలితే స్ప్రింగు ఎంత నలుగుతుందో అదే మోషన్ రేషియో. చక్రం దగ్గరి గట్టితనం కావాలంటే స్ప్రింగు రేటుని ఆ రేషియోతో రెండుసార్లు గుణించాలి.

ఒక ఉదాహరణ. ముందు ఒక్కో చక్రం మీద, చక్రమూ బ్రేకూ లాంటివి తీసేశాక, 850 పౌండ్లు ఉన్నాయనుకోండి. స్ప్రింగు రేటు అంగుళానికి 550 పౌండ్లు, మోషన్ రేషియో 0.55. 550ని 0.55తో రెండుసార్లు గుణిస్తే 166. దాన్ని 850తో భాగిస్తే 0.195, దాని వర్గమూలం 0.44. దాన్ని 3.13తో గుణిస్తే దాదాపు 1.4. అంటే ఆ మూల సెకనుకి 1.4 సార్లు ఊగుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఈ అంకె చాలా మోడళ్లలో 1కి అటూ ఇటూ ఉండేది. కుటుంబంతో హైవే మీద తిరిగే కారుకి 1.2 నుంచి 1.4 హాయిగా ఉంటుంది. అప్పుడప్పుడూ ట్రాక్ మీదకి వెళ్లే కారుకి 1.5, 1.6 దాకా సరే. అంతకు మించితే రోజువారీ రోడ్ల మీద విసుగొస్తుంది. వెనక మూలల అంకె ముందుకంటే పదో వంతు ఎక్కువుంటే గతుకు దాటాక బండి త్వరగా సర్దుకుంటుంది.

అల్యూమినియం హెడ్లూ మానిఫోల్డూ వేసిన ఇంజన్‌కి ఇనుప బిగ్ బ్లాక్ (పెద్ద సైజు వి8 ఇంజన్) కోసం చేసిన స్ప్రింగులు పెడితే ముక్కు పైకి లేచి కూర్చుంటుంది. స్ప్రింగు అమ్మేవాళ్లకి ఇంజన్, ఏసీ, బ్యాటరీ ఎక్కడుందో అన్నీ చెప్పి తీసుకోండి. ఉన్న స్ప్రింగునే కోసి ఎత్తు తగ్గించేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. పని చేసే చుట్లు పది ఉంటే ఒక చుట్టు కోసినప్పుడు రేటు 11 శాతం పెరుగుతుంది. కోయడానికి కటింగ్ వీలే వాడాలి. మంట పెడితే ఉక్కు మెత్తబడి స్ప్రింగు కుంగిపోతుంది.

బండి ఒరగకుండా రెండు పక్కల్నీ కలిపే యాంటీ రోల్ బార్ విషయంలో కొంచెం మందం పెరిగినా తేడా చాలా ఎక్కువ. గట్టితనం వ్యాసంతో నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంగుళానికి 8వ వంతు తక్కువ (7/8 అంగుళం) వ్యాసమున్న బార్ తీసేసి అంగుళంపై 8వ వంతు ఉన్నది వేస్తే 2.7 రెట్లు గట్టిపడుతుంది. ముందు బారే మొదట మార్చండి. వెనక లావు బార్ తొందరపడి వేస్తే తడి రోడ్డు మీద తోక తిరుగుతుంది.

షాకుల పొడవు కొలవకుండా కొనొద్దు

షాకులకి మోనోట్యూబ్ (ఒకే గొట్టం) రకం మంచిది. బిల్‌స్టైన్ లాంటి పేరున్న వాటిలో మీ స్ప్రింగు రేటుకి తగ్గ వాల్వింగ్ (ఊపుకి లోపలి నూనె ఇచ్చే అడ్డు) అడిగి తీసుకోండి. స్ప్రింగు గట్టిపడితే అది తిరిగి విచ్చుకునే బలం పెరుగుతుంది, దాన్ని పట్టి ఉంచే రీబౌండ్ కూడా పెరగాలి. పాత షాకులు ఉంచి స్ప్రింగులు మార్చిన కారు హైవే అతుకుల మీద ఆగకుండా ఎగురుతూనే ఉంటుంది.

కారు ఎత్తు తగ్గించినవాళ్లు చేసే పెద్ద తప్పు ఫ్యాక్టరీ పొడవు షాకులే వేయడం. కొలత ఇలా తీయండి. కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా వెనక షాకు పై బోల్టు నుంచి కింది బోల్టుకి 17 అంగుళాలు, ఆక్సిల్‌కీ బంప్ స్టాప్‌కీ (ఆక్సిల్‌ని చివర్లో ఆపే రబ్బరు దిమ్మ) మధ్య ఖాళీ 3.5 అంగుళాలు ఉన్నాయనుకోండి. ఆక్సిల్ బంప్ స్టాప్‌ని తాకేసరికి షాకు 13.5 అంగుళాలకి వస్తుంది. రబ్బరు ఇంకా నలుగుతుంది కాబట్టి పూర్తిగా మూసుకున్నప్పుడు 12.75 అంగుళాలు లేదా అంతకంటే తక్కువుండే షాకు కావాలి. ఇది చూడకపోతే షాకే బంప్ స్టాప్‌లా దెబ్బ తింటుంది. లోపల పిస్టన్ పగులుతుంది, లేదా పై మౌంటు చిరుగుతుంది.

కారుని బట్టి జబ్బు, జబ్బుని బట్టి మందు

1964–72 షెవెల్ లాంటి జీఎం (జనరల్ మోటార్స్) ఏ-బాడీ కార్లలో ముందు స్పిండిల్, అంటే చక్రాన్ని మోస్తూ రెండు ఆర్మ్‌లనూ కలిపే ముక్క, పొట్టిది. సస్పెన్షన్ నలిగినప్పుడు బయటి చక్రం పై అంచు బయటికే వాలుతుంది, అంటే కావలసినదానికి సరిగ్గా ఎదురు. అర అంగుళం పొడవెక్కువ బాల్ జాయింటూ, దానికి సరిపడేలా చేసిన పై ఆర్మూ కలిపి వేస్తే ఇది చాలావరకూ కుదురుతుంది. పెద్ద జీఎం సెడాన్ల నుంచి ఎత్తు స్పిండిల్ తెచ్చి వేసే పద్ధతి ఒకటుంది. క్యాంబర్ బాగుపడుతుంది గానీ టై రాడ్ లెక్క చెడి, గతుకు తగిలినప్పుడల్లా చక్రం తనంతట తానే తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు.

ఏ-బాడీ వెనక నాలుగు ఆర్మ్‌లు ఉంటాయి, పై రెండూ ఏటవాలుగా. బండి ఒరిగినప్పుడు ఈ పై ఆర్మ్‌లు మెలి తిరగాలి. వాటి రెండు కొసలకీ పాలీయురేథేన్ బుష్షులు వేస్తే మెలి తిరగలేక బిగుసుకుపోతాయి. అప్పుడు వెనక టైర్లు హెచ్చరిక లేకుండా పట్టు వదిలేస్తాయి. ఆక్సిల్ వైపు రబ్బరే ఉంచండి, లేదా గుండ్రంగా తిరిగే గోళాకార జాయింట్లు వేయండి. కింది ఆర్మ్‌లకి మాత్రం పెట్టెలా మూసిన గట్టి రకం మంచిదే. వెనక బార్ వాటికే బిగిస్తారు కనుక అది ఉన్న కారుకి తప్పనిసరి.

1965–66 మస్టాంగ్‌కి ఇంతకంటే చౌకైన మందు ఉంది. ఫోర్డ్ ఇంజనీర్ క్లాస్ ఆర్నింగ్ లెక్క కట్టిన, 1965 షెల్బీ జీటీ350లో వాడిన పద్ధతి: పై ఆర్మ్ బిగించే రంధ్రాలని ఒక అంగుళం కిందికి దించడం. టెంప్లేట్ పెట్టి డ్రిల్లు చేస్తే చాలు, కారు ముక్కు కూడా కాస్త దిగుతుంది. 1967లో ఫోర్డ్ జ్యామితి మార్చింది, కాబట్టి పాత టెంప్లేట్ కొలతలు ఆ తర్వాతి కార్లకి అలాగే వాడొద్దు. మస్టాంగ్‌లో బలం ఇచ్చే పని కూడా ఇదే వేళ చేయండి. ఇంజన్ గదిలో టవర్లని వెనక గోడకి కట్టే, ఒకే ముక్కగా ఉండే ఎక్స్‌పోర్ట్ బ్రేస్, రెండు టవర్ల మధ్య మాంటే కార్లో బార్ వేస్తే టవర్లు ఒకదానివైపు ఒకటి వాలడం తగ్గుతుంది.

1967 కమారోలో వెనక ఒక్కొక్కటే కమాన్ పట్టీ ఉంటుంది. గట్టిగా తొక్కితే ఆక్సిల్ పట్టీని మెలిపెడుతుంది, టైరు ఎగిరెగిరి పడుతుంది. బహుళ పట్టీల కట్ట వేసి, 1968 నుంచి షెవ్రొలే చేసినట్టు ఒక షాకు ఆక్సిల్ ముందుకీ ఒకటి వెనక్కీ ఉండేలా మార్చితే చాలావరకూ ఆగుతుంది. ఎత్తు తగ్గించడానికి పట్టీకీ ఆక్సిల్‌కీ మధ్య రెండంగుళాలకు మించిన దిమ్మలు పెట్టొద్దు. దిమ్మ పెరిగేకొద్దీ ఆ మెలి ఎక్కువవుతుంది. తక్కువ వంపున్న పట్టీలు తెప్పించుకోవడమే సరైన దారి.

డాడ్జ్, ప్లిమత్ లాంటి క్రైస్లర్ కార్లలో ముందు టార్షన్ బార్లు. ఎత్తు సర్దడానికి స్క్రూ తిప్పితే సరిపోతుంది, ఇది వీటికి పెద్ద వరం. బిగ్ బ్లాక్ కార్లకి వచ్చిన 0.88 అంగుళాల బార్ తీసి 1 అంగుళం బార్ వేస్తే గట్టితనం 1.67 రెట్లు అవుతుంది. చాలా కార్లకి అంత చాలు. ఎడమ బార్ కుడికి, కుడిది ఎడమకి వేయకూడదు, కొస మీద గుర్తు ఉంటుంది. తీసేటప్పుడు సర్దుబాటు స్క్రూ పూర్తిగా వదులు చేయాలి. పైపు రెంచితో బార్‌ని పట్టుకోవద్దు. ఆ పళ్ల గాటు దగ్గరే ఒకరోజు విరుగుతుంది. వీటి వెనక కమాన్ పట్టీల్లో ఆక్సిల్‌కి ముందు భాగం పొట్టిగా, గట్టిగా ఉంటుంది, అందువల్ల ఎగురుడు సహజంగానే తక్కువ.

షాకు చుట్టూ స్ప్రింగు ఉండే కాయిల్ఓవర్ కిట్లు అందంగా ఉంటాయి, సర్దడం తేలిక. రోడ్డు కార్లలో ఎక్కువ వాటికి అవి అక్కర్లేదు. వేసేవాళ్లు వెనక పక్క జాగ్రత్త పడాలి. ఫ్యాక్టరీ షాకు మౌంటు ఊపు ఆపడానికి చేసింది, కారు బరువు మోయడానికి కాదు. గట్టి క్రాస్‌మెంబర్ లేకుండా కాయిల్ఓవర్ తగిలిస్తే మౌంటు చీలుతుంది. గాలి నింపే షాకులతో కూడా ఇదే జరుగుతుంది.

బిగించేటప్పుడు

ముందు కాయిల్ స్ప్రింగు నలిగి ఉన్నప్పుడు అందులో ప్రాణం తీసేంత బలం ఉంటుంది. స్ప్రింగు కింది ఆర్మ్ మీద ఉండే కార్లలో ఫ్రేము కింద స్టాండ్లు, కింది ఆర్మ్ కింద జాకీ, స్ప్రింగు చుట్టూ గొలుసు వేసి ఫ్రేముకి కట్టండి. బాల్ జాయింట్ నట్టు కొన్ని చుట్లే వదులు చేసి, పూర్తిగా తీయకుండా, టేపరు విడిపించండి. ఆ తర్వాతే జాకీ నెమ్మదిగా దించాలి. స్ప్రింగుకి ఎదురుగా నిలబడొద్దు.

రబ్బరు బుష్షుల బోల్టులు కారు చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే కారు దించగానే రబ్బరు మెలిపడిపోతుంది. ఎత్తు తప్పు చూపిస్తుంది, కొన్ని నెలల్లో రబ్బరు చిరుగుతుంది. పాలీయురేథేన్‌కి ఈ బాధ లేదు గానీ సరైన గ్రీజు లేకపోతే కిర్రుమంటుంది. ముందు, వెనక ఫ్రేములని కలిపే సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు వెల్డ్ చేసేటప్పుడూ కారు బరువు చక్రాల మీదే ఉండాలి. లేకపోతే బాడీ వంకరగా ఉన్న స్థితిలోనే బిగిసిపోతుంది, తలుపులు సరిగా పడవు.

వెనక ఎత్తు మారితే డిఫరెన్షియల్ ముక్కు కోణం మళ్లీ చూడండి. గేర్‌బాక్స్ వెనక కోణంతో దాదాపు సమానంగా, ఎదురెదురుగా ఉండాలి. కమాన్ పట్టీల కార్లలో ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచితే తొక్కినప్పుడు సరిపోతుంది. తేడా ఉంటే హైవే వేగంలో నేల కింద నుంచి వణుకు వస్తుంది.

ఎత్తు స్పిండిల్ లేదా కొత్త ఆర్మ్‌లు వేసినవాళ్లు స్ప్రింగు పెట్టకముందే బంప్ స్టీర్ కొలవాలి. ఆర్మ్‌ని మామూలు ఎత్తులో ఉంచి టో చూడండి, తర్వాత జాకీతో అర అంగుళం చొప్పున రెండంగుళాల దాకా లేపుతూ ప్రతిసారీ రాసుకోండి. అంగుళం కదలికకి టో అంగుళంలో 16వ వంతు కంటే ఎక్కువ మారితే టై రాడ్ చివర ఎత్తు సర్దాలి.

మొదటి 500 మైళ్ల తర్వాత అన్ని బోల్టులూ, ముఖ్యంగా వెనక యూ-బోల్టులు, టార్క్ రెంచితో మళ్లీ చూడండి. కొత్త స్ప్రింగులు ఈపాటికి కాస్త కూర్చుంటాయి. మొదట రాసుకున్న నాలుగు చోట్లా మళ్లీ కొలిచి, ముందు చక్రాల దగ్గర ఎత్తు బిగించిన రోజు ఉన్నదానికంటే పావు అంగుళానికి మించి తగ్గి ఉంటే అలైన్‌మెంట్ మరోసారి చేయించండి.